నీళ్లకు గేటు పెట్టినవాళ్లు, పతకాలు గెలిచినవాళ్లు

1998 జనవరి 8 నుంచి 17 దాకా ఆస్ట్రేలియా పడమటి తీరాన ఉన్న పెర్త్ నగరంలో ప్రపంచ జలక్రీడల పోటీలు జరిగాయి. ఆతిథ్య దేశపు జట్టు ఈతలో ఏడు బంగారు పతకాలు గెలిచింది. మైఖేల్ క్లిమ్ ఒక్కడే నాలుగింటిలో భాగస్వామి. పదిహేనేళ్ల ఇయాన్ థోర్ప్ 400 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో చివరి క్షణంలో గోడ ముట్టుకుని, మగవాళ్ల ఈతలో అంతకుముందు ఎవరూ గెలవనంత చిన్న వయసులో ప్రపంచ విజేత అయ్యాడు. అంతకు ఏడేళ్ల ముందు, 1991 జనవరిలోనూ ఈ పోటీలు పెర్త్‌లోనే జరిగాయి. అప్పుడు పదహారేళ్ల హేలీ లూయిస్ 200 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో బంగారు పతకం గెలిచింది. ఆ ఏడు కొత్తగా చేర్చిన 25 కిలోమీటర్ల ఈతలో ఆడవాళ్ల పందెం షెల్లీ టేలర్ స్మిత్ గెలిచింది. 2007లో మెల్‌బోర్న్ వంతు వచ్చింది. అక్కడ లిబ్బీ లెంటన్ ఐదు బంగారు పతకాలు తీసుకుంది.

క్రీడా చరిత్ర పుస్తకాలు ఇక్కడితో ఆగుతాయి. ఈ పిల్లల కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. తెల్లారకముందే లేచి, చల్లటి నీళ్లలో దిగి, ఏళ్ల తరబడి చేతులు ఆడించినవాళ్లు వాళ్లు. మా ప్రశ్న వాళ్ల గురించి కాదు. 'ఆతిథ్య దేశం' అన్న మాట గురించి. ఇంటికొచ్చిన చుట్టానికి నీళ్లిచ్చేవాడు ఆతిథేయుడు. మరి పెర్త్‌లో ఆ నీళ్లు ఎవరివి? వాటి దగ్గరికి ఎవరిని రానిచ్చారు, ఎవరిని గేటు బయటే నిలబెట్టారు? ఈ ప్రశ్న అడగడానికి మనకన్నా అర్హత ఉన్నవాళ్లు తక్కువ. ఎందుకంటే నీళ్ల కాడ నిలబెట్టబడిన చరిత్ర మనది.

పాస్ ఉంటేనే ఊళ్లోకి

పెర్త్ నగరం స్వాన్ నది ఒడ్డున ఉంది. నదికి ఆ పేరు యూరప్ వాళ్లు పెట్టింది. అక్కడి మూలవాసులు నూంగార్ ప్రజలు. వాళ్ల భాషలో అది డెర్బార్ల్ యెరిగన్. వాగిల్ అనే మహాసర్పం నేల మీద పాకుతూ పోతే ఆ జాడలో నది పుట్టిందని వాళ్లు చెప్పుకుంటారు. అంటే నూంగార్లకు నీళ్లు వేరు, నేల వేరు, మనుషులు వేరు కాదు. 1829లో బ్రిటిష్ వలస అక్కడ దిగింది. నీళ్లున్న చోటల్లా ముందు వలసదారుల పశువులు చేరాయి, తర్వాత కంచెలు లేచాయి.

1905లో పశ్చిమ ఆస్ట్రేలియా ప్రభుత్వం మూలవాసుల చట్టం తెచ్చింది. 'సంరక్షణ' దాని పేరు. ఎక్కడ ఉండాలో, ఎవర్ని పెళ్లి చేసుకోవాలో, కన్నబిడ్డ ఎవరి దగ్గర పెరగాలో నిర్ణయించే అధికారం 'ప్రధాన సంరక్షకుడు' అనే అధికారి చేతిలో పెట్టింది. ఆ చట్టం కిందనే 1927లో పెర్త్ నగర నడిబొడ్డును మూలవాసులకు నిషిద్ధ ప్రాంతంగా ప్రకటించారు. లోపలికి రావాలంటే పాస్ కావాలి. పాస్ లేకుండా దొరికితే అరెస్టు. ఈ నిషేధం 1954 దాకా నడిచింది. తమ నది ఒడ్డున కట్టిన ఊళ్లోకి, తమ నదిని చూడడానికి, నూంగార్లు పరాయివాడి చీటీ చూపించాల్సి వచ్చింది.

1927 అన్న అంకె దగ్గర మనం ఒక్క క్షణం ఆగాలి. అదే ఏడు మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ మహాడ్‌లో వేలమందిని వెంటబెట్టుకుని చవదార్ చెరువుకు నడిచాడు, దోసిటితో నీళ్లు తాగాడు. ఒక ఖండంలో నీళ్ల దగ్గరికి నడక మొదలైన ఏడాదే, ఇంకో ఖండంలో నీళ్ల ఒడ్డున ఉన్న ఊరికి తలుపు మూశారు. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి చూసే పాఠ్యపుస్తకం మనకు లేదు. ఆ పని మనమే చేసుకోవాలి.

పెర్త్ తీరానికి ఎదురుగా సముద్రంలో రాట్‌నెస్ట్ అనే ద్వీపం ఉంది. నూంగార్లు దాన్ని వాడ్జెమప్ అంటారు. 1838 నుంచి 1931 దాకా మూలవాసుల మగవాళ్లను, కుర్రవాళ్లను సుమారు నాలుగు వేలమందిని గొలుసులేసి తెచ్చి అక్కడ ఖైదులో పెట్టారు. కనీసం 373 మంది అక్కడే చనిపోయారు. వాళ్లను పాతిపెట్టిన నేల మీద సెలవులు గడపడానికి వచ్చినవాళ్లు 2007 దాకా గుడారాలు వేసుకున్నారు. జైలు భవనం 2018 దాకా విహారయాత్రికుల బసగా నడిచింది. 1991లో, అంటే పెర్త్‌లో మొదటిసారి ప్రపంచ పోటీలు జరిగిన ఏడాదే, కాటెస్లో బీచి నుంచి ఆ ద్వీపం దాకా 19.7 కిలోమీటర్ల ఈత పందెం మొదలైంది. ఏటా వందలమంది సరదాగా, పట్టుదలతో ఈదే ఆ నీళ్లే ఒకప్పుడు ఖైదీలకు జైలు గోడ. ఈతగాళ్ల తప్పేం లేదు. కానీ ఆ నీళ్లకు రెండు చరిత్రలున్నాయని, ఒకదానికే డప్పు కొట్టారని చెప్పకపోతే అది చరిత్ర రాయడం కాదు.

ఈత ఎవరు నేర్పారు?

ప్రపంచ పోటీల్లో ఫ్రీస్టయిల్ అంటే ఇవాళ అందరూ వేసేది క్రాల్ ఈత. చేతులు ఒకదాని తర్వాత ఒకటి నీళ్ల మీదుగా విసురుతూ, కాళ్లు పైకీ కిందకీ ఆడించే పద్ధతి. చాలాకాలం దీన్ని 'ఆస్ట్రేలియన్ క్రాల్' అన్నారు. దీని పుట్టుక గురించి చెప్పే కథల్లో కేవిల్ అనే తెల్ల కుటుంబం పేరు గట్టిగా వినిపిస్తుంది. దాంతోపాటు వినిపించాల్సిన పేరు ఎలిక్ విక్‌హామ్. సొలొమన్ దీవుల నుంచి సిడ్నీకి వచ్చిన నల్ల కుర్రాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సిడ్నీ సముద్రపు కొలనులో తన దీవిలో అందరూ ఈదే తీరులోనే అతను ఈదాడు. చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు, తర్వాత నేర్చుకున్నారు. అలల మీద ఒంటితో తేలుతూ ఒడ్డుకు రావడం సిడ్నీలోని మాన్లీ బీచిలో తెల్ల యువకులకు నేర్పింది టామీ టన్నా అనే ఇంకో దీవివాసి.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1901లో, కొత్తగా ఏర్పడిన ఆస్ట్రేలియా పార్లమెంటు పసిఫిక్ దీవుల కూలీలను దేశం నుంచి వెళ్లగొట్టే చట్టం చేసింది. చెరకు తోటల్లో దశాబ్దాల పాటు వాళ్ల చెమటతో చక్కెర పండించుకుని, పని అయ్యాక ఓడలెక్కించారు. దీవివాళ్ల ఈత ఉండిపోయింది, దీవివాళ్లు ఉండకూడదన్నారు. విద్యను తీసుకుని విద్య ఇచ్చినవాణ్ణి ఊరి బయటకు నెట్టడం మనకు కొత్త సంగతేం కాదు. చెప్పు కుట్టిన చేతికి చెప్పులేసుకుని వీధిలో నడిచే హక్కు లేని ఊళ్లు మనవి. డప్పు కావాలి, డప్పు కొట్టేవాడు గుడి మెట్టెక్కకూడదు.

మోరీ: 1955 తీర్మానం, 1965 బస్సు

న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మోరీ అనే చిన్న పట్నం. భూమిలోంచి వేడినీళ్లు ఉబికివచ్చే చోటు. ఆ నీళ్లతో కట్టిన స్నానశాల, ఈత కొలను అక్కడి పెద్ద ఆకర్షణ. 1955లో మోరీ పురపాలక సంఘం మూలవాసులను ఆ కొలనులోకి రానివ్వకూడదని తీర్మానం చేసింది. బడి వేళలో ఈత పాఠం ఉంటే మూలవాసుల పిల్లలు దిగొచ్చు. పాఠం అయిపోగానే బయటికి పోవాలి. తోటి తెల్ల పిల్లలు మాత్రం ఆడుకుంటూ లోపలే ఉంటారు. అంటే ఒళ్లు ముట్టుకుంటే నీళ్లు పాడవుతాయన్నది కూడా సాకే. టీచరు ఉన్నంతసేపూ పాడవని నీళ్లు టీచరు వెళ్లగానే ఎలా పాడవుతాయి? అసలు సంగతి నీళ్ల శుభ్రం కాదు, పక్కపక్కన సమానంగా ఉండడం.

1965 ఫిబ్రవరి 12న సిడ్నీ విశ్వవిద్యాలయం నుంచి సుమారు ముప్పైమంది విద్యార్థులతో ఒక బస్సు బయల్దేరింది. ముందు నిలిచినవాడు చార్లెస్ పెర్కిన్స్, ఆలిస్ స్ప్రింగ్స్‌లో పుట్టిన అరెర్న్ట యువకుడు. అమెరికాలో 1961లో నల్లవాళ్లు, వాళ్లతో కలిసిన తెల్లవాళ్లు చేసిన ఫ్రీడమ్ రైడ్ వీళ్లకు స్ఫూర్తి. ఊరూరా తిరుగుతూ మూలవాసుల ఇళ్లు, ఆసుపత్రులు, సినిమాహాళ్లు, క్లబ్బులు ఎలా ఉన్నాయో రాసుకున్నారు. వాల్గెట్‌లో మాజీ సైనికుల క్లబ్బు ముందు నిలబడ్డారు. యుద్ధంలో తెల్లవాళ్ల పక్కన పోరాడిన మూలవాసులకు ఆ క్లబ్బులో చోటు లేదు కాబట్టి.

మోరీలో పెర్కిన్స్, అతని తోటివాళ్లు మూలవాసుల పిల్లలను వెంటబెట్టుకుని కొలను దగ్గరికి వెళ్లారు. మొదట లోపలికి రానిచ్చారు. బస్సు ఊరు దాటగానే గేటు మళ్లీ మూసుకుంది. సంగతి తెలిసి విద్యార్థులు వెనక్కి వచ్చారు. ఫిబ్రవరి 20న కొలను ముందు గంటల తరబడి నిలబడ్డారు. వందలమంది తెల్లవాళ్లు పోగయ్యారు. కుళ్లిన గుడ్లు, టమాటాలు పడ్డాయి, దెబ్బలూ పడ్డాయి. చివరికి మేయరు దిగొచ్చి 1955 తీర్మానాన్ని రద్దు చేయించడానికి ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ కొలనును 2013లో ఆస్ట్రేలియా ప్రభుత్వం జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది. పిల్లల్ని గెంటేసిన గేటు ఇవాళ వారసత్వం. దాన్ని వారసత్వం చేసింది మాత్రం కట్టినవాళ్లు కాదు, దాని ముందు నిలబడినవాళ్లు.

మైదానానికి గేటు లేదు, కొలనుకు ఉంది

'ప్రతిభ ఉంటే ఎవరైనా పైకొస్తారు' అని అక్కడా అంటారు, ఇక్కడా అంటారు. ఈ వాదాన్ని చరిత్ర మీద పెట్టి చూద్దాం. 1962లో పెర్త్‌లోనే కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. బాక్సింగ్‌లో జెఫ్ డైనవర్ బంగారు పతకం గెలిచాడు. కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం గెలిచిన మొదటి ఆస్ట్రేలియా మూలవాసి అతనే. మూలవాసులందరికీ దేశ ఎన్నికల్లో ఓటు దక్కింది ఆ ఏడాదే. 1964 టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లిన మొదటి ముగ్గురు మూలవాసుల్లో ఇద్దరు బాక్సర్లు, ఒకరు బాస్కెట్‌బాల్ ఆటగాడు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ మంట వెలిగించి 400 మీటర్ల పరుగు గెలిచిన కాతీ ఫ్రీమన్ మనందరికీ తెలుసు.

బాక్సింగ్, పరుగు, బంతాట. ఎందుకు ఇవి? పిడికిలి ఎవరిది వాళ్ల దగ్గరే ఉంటుంది. పరుగెత్తడానికి ఖాళీ నేల చాలు. కొలను అలా కాదు. దానికి ప్రహరీ ఉంటుంది, టికెట్ ఉంటుంది, కాపలాదారు ఉంటాడు, పురపాలక సంఘం తీర్మానం ఉంటుంది. ఈతగాడు తయారు కావాలంటే ఐదారేళ్ల వయసు నుంచి రోజూ ఆ గేటు దాటాలి. పిల్లలు గేటు బయట పెరిగినచోట జట్టు ఎంపిక న్యాయంగానే జరిగిందని చెప్పడం తేలిక. ఎంపిక అంతకు పదేళ్ల ముందే, టికెట్ కిటికీ దగ్గర జరిగిపోయింది. ఆ కులంలోంచో ఆ జాతిలోంచో ఒకరు జట్టులోకి వెళ్లారా, ఇద్దరు వెళ్లారా అని లెక్కపెట్టడం కన్నా, గేటు ఎప్పుడు తెరుచుకుంది, ఎవరు తెరిపించారు అని అడగడమే అసలు లెక్క.

రాసిన నిషేధం, రాయని నిషేధం

మన దేశమూ ఒకప్పుడు ఆతిథ్య దేశమే. 1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినప్పుడు సచిన్ నాగ్ 100 మీటర్ల ఫ్రీస్టయిల్‌లో బంగారు పతకం గెలిచాడు. వాటర్ పోలోలోనూ ఆతిథ్య జట్టే గెలిచింది. అప్పటికి రాజ్యాంగం అమల్లోకి వచ్చి ఏడాది దాటింది. ఆ రాజ్యాంగంలో 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపేరునా చెప్పి, వాటి వాడకంలో కులం పేరుతో ఏ పౌరుణ్ణీ అడ్డుకోకూడదని రాసింది. ఒక దేశం తన మూల చట్టంలో స్నానఘట్టం సంగతి రాసుకోవాల్సి వచ్చిందంటే, దాని వెనక మహాడ్ నడక ఉంది.

1955లో మన పార్లమెంటు అంటరానితనం నేరాల చట్టం చేసింది. అదే 1955లో మోరీ పురపాలక సంఘం కొలను నిషేధం రాసింది. అక్కడ చట్టం గేటు మూసింది, ఇక్కడ చట్టం గేటు తెరిచింది. కాగితం చూస్తే మనమే ముందున్నాం. మరి ఊళ్లో?

1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మంచినీళ్ల చెరువులో అగ్రకుల యువకుడు పశువుల కుడితి బకెట్ కడిగాడు. ఇదేంటని అడిగినందుకు కొట్టబోతే మున్నంగి సువార్త నీళ్ల బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. చట్టం వచ్చి అప్పటికి ముప్పై ఏళ్లు. ఆ నెత్తుటి నేల మీదే దళిత మహాసభ పుట్టింది.

ఇక్కడ మేం చెప్పదలుచుకున్న ముఖ్యమైన మాట ఇది. జాతి వివక్ష, కులం ఒకటే అని మేం అనడం లేదు. 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు కులం సంగతి అక్కడ చర్చకు రాకుండా మన ప్రభుత్వం అడ్డుపడింది. దళిత సంఘాలు పట్టుబట్టి ప్రపంచానికి వినిపించాయి. రెండింటికీ పుట్టుకే ఆధారం, రెండింటికీ నీళ్లే పరీక్ష. తేడా ఇంకోచోట ఉంది. మోరీలో నిషేధం కాగితం మీద ఉంది. కాగితం మీద ఉన్నది చూపించొచ్చు, నిలదీయొచ్చు, చింపించొచ్చు. మహాడ్‌లో సంగతి తిరగబడి ఉంది. 1924లోనే మహాడ్ పురపాలక సంఘం చెరువు అందరిదని తీర్మానించింది. అయినా అంటరానివాళ్లెవరూ దిగలేకపోయారు. 1927లో దిగినందుకు కొట్టారు, 108 కుండల పంచగవ్యం పోసి చెరువును 'శుద్ధి' చేశారు. హైకోర్టులో చివరి తీర్పు రావడానికి 1937 దాకా పట్టింది. మన ఊళ్లలో నిషేధం ఏ రిజిస్టర్లోనూ ఉండదు. చూపుల్లో ఉంటుంది, కూలి ఆపేయడంలో ఉంటుంది, కర్రలో ఉంటుంది. లేని కాగితాన్ని చింపలేం. అందుకే మన పోరాటం తీర్మానం రద్దుతో అయిపోయే రకం కాదు.

అయితే కాగితం చింపితే అక్కడ అంతా అయిపోయిందా? లేదు. 1967లో మూలవాసులను జనాభా లెక్కల్లో చేర్చడానికీ, వాళ్ల కోసం కేంద్రం చట్టాలు చేయడానికీ జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 90 శాతానికి పైగా అవునన్నారు. 1991లో పెర్త్ పోటీలు ముగిసిన మూడు నెలలకు, ఏప్రిల్‌లో, పోలీసు కస్టడీలో, జైళ్లలో మూలవాసుల మరణాలపై రాయల్ కమిషన్ నివేదిక వచ్చింది. 99 మరణాలను పరిశీలించి 339 సిఫార్సులు చేసింది. పశ్చిమ ఆస్ట్రేలియాలోనే 1983లో పదహారేళ్ల జాన్ పాట్ పోలీసు సెల్లులో చనిపోవడం ఆ విచారణకు దారితీసిన కారణాల్లో ఒకటి. కొలనులో పదహారేళ్ల పిల్ల విజయం, సెల్లులో పదహారేళ్ల పిల్లవాడి శవం. రెండూ ఒకే దేశపు చరిత్ర. 1998 పోటీలకు ఎనిమిది నెలల ముందు, తల్లుల ఒళ్లోంచి లాక్కెళ్లిన మూలవాసుల పిల్లల మీద జాతీయ విచారణ నివేదిక పార్లమెంటు ముందుకొచ్చింది. అప్పటి ప్రధాని జాన్ హోవర్డ్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పనన్నాడు. ఆ మాట రావడానికి 2008 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. 2007లో మెల్‌బోర్న్ పోటీలు అయిపోయాయి. జూన్‌లో ఉత్తర ప్రాంతంలోని మూలవాసుల సమాజాల మీదకు, జాతివివక్ష నిరోధక చట్టాన్ని పక్కనపెట్టి మరీ, ప్రభుత్వం సైన్యం తోడుగా దిగింది. 2023లో పార్లమెంటుకు సలహా చెప్పే గొంతు మూలవాసులకు ఇవ్వాలా అని అడిగితే, సుమారు 60 శాతం ఓటర్లు వద్దన్నారు.

కొలను అందరిదైతే

ఇంకో సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఈ చరిత్ర సగమే. 2000లో పశ్చిమ ఆస్ట్రేలియాలోని మారుమూల మూలవాసుల ఊళ్లలో ఈత కొలనులు కట్టారు. పరిశోధకులు రెండు ఊళ్లలో పిల్లలను పద్దెనిమిది నెలలు గమనించారు. చర్మం మీద చీము పుళ్లున్న పిల్లలు ఒక ఊళ్లో 62 శాతం నుంచి 18కి, ఇంకో ఊళ్లో 70 నుంచి 20కి తగ్గారు. ఆ ఫలితాలు 2003లో వెలువడ్డాయి. చిన్నప్పుడు చీము పట్టిన చర్మం పెద్దయ్యాక మూత్రపిండాల జబ్బుకు, గుండె జబ్బుకు దారి తీస్తుందని వైద్యులు చెబుతారు. అంటే కొలను ఆటవస్తువు కాదు, ఆయుష్షు. అయితే అక్కడా 'బడికి రాకపోతే కొలను లేదు' అని నియమం పెట్టారు. పెర్త్‌లో తెల్ల పిల్లవాడు కొలనులో దిగడానికి బడి హాజరు చూపించడు. హక్కు ఒకరికి, బహుమతి ఇంకొకరికి.

జాతీయ జట్టు గెలిచినప్పుడు చప్పట్లు కొట్టొద్దని మేం అనం. చప్పట్లు అయ్యాక రెండు మాటలు అడగమంటాం. మీ జిల్లా కేంద్రంలో ప్రజల డబ్బుతో కట్టిన ఈత కొలను ఉందా? అందులో ఈత నేర్చుకుంటున్న పిల్లలు ఏ వీధుల నుంచి వస్తున్నారు? సంక్షేమ హాస్టలు పిల్లలకు అక్కడ వారానికి ఒక్క గంటయినా ఉందా? ఉపాధ్యాయులు బడిలో, విద్యార్థులు కాలేజీలో, కార్యకర్తలు మున్సిపాలిటీలో అడిగితే జవాబు దొరికే ప్రశ్నలే ఇవి. రిజిస్టరు చూడండి, టికెట్ ధర చూడండి, కొలను ఊరికి ఏ దిక్కున కట్టారో చూడండి. పెర్కిన్స్, అతని తోటివాళ్లు బస్సెక్కి చేసింది సరిగ్గా ఇదే. ముందు లెక్క రాసుకున్నారు. తర్వాత పిల్లల చేయి పట్టుకుని గేటు దగ్గరికి నడిచారు. బస్సు వెళ్లాక గేటు మూసుకుంటే వెనక్కి తిరిగొచ్చారు. ఆ మూడో పని మనం ఎక్కువగా మర్చిపోయేది.